నాలుగో మెట్టు కింద కాగితం

2024 ఏప్రిల్‌లో విశాఖపట్నంలో ఇల్లు మారుతూ అటక మీది సామాను దించుతుంటే, అన్నిటికన్నా వెనక, పాత పరుపు చుట్ట కింద మా అక్క వాయించిన వీణ కనిపించింది. కనిపించింది అనడం సరికాదు. అది అక్కడ ఉందని నాకు ఎనిమిదేళ్లుగా తెలుసు. అటక ఎక్కాల్సి వచ్చిన ప్రతిసారీ అటు చూడకుండా కావలసినది తీసుకుని దిగిపోయేవాణ్ని.

అక్క తన చేత్తో కుట్టిన ఆకుపచ్చ గుడ్డ తొడుగు, గవిసెనను ఎలుకలు రెండు చోట్ల కొరికేశాయి. ఎత్తగానే లోపల ఏవో గలగలమన్నాయి. హాల్లో దుప్పటి పరిచి, గవిసెన విప్పాను. తీగల కింద అడ్డంగా ఉండే లోహపు మెట్లను నిలబెట్టే నల్ల మైనం ఏటేటా ఎండకు మెత్తబడి, వీణ మెడ లాంటి దండి అంచుల మీదుగా జారి, మళ్లీ గట్టిపడి, బీటలు వారింది. 24 మెట్లలో తొమ్మిది ఊడి అడుగున పడి ఉన్నాయి. మిగిలినవి వరసతప్పి, తలో దిక్కుకు ఒరిగాయి. వాయించే మొదటి తీగ, సారణి, తెగి చుట్ట చుట్టుకుంది. కుడి వైపు గుండ్రటి కుండ మీద పలక అతికిన చోటు నుంచి జానెడు పొడవున చీలిక. ఎడమ వైపు సొరబుర్రకు బొటనవేలు దూరేంత చిల్లు.

మా ఆవిడ ఏమీ అనలేదు. తడిగుడ్డ తెచ్చి నా పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ గుడ్డతో తుడవడానికి కూడా నాకు చాలాసేపటిదాకా చెయ్యి రాలేదు.

ఈ వీణను 1979లో నాన్న బొబ్బిలి నుంచి తెచ్చారు. విజయనగరంలో హైస్కూలు మాస్టారు. జీతం మీద అప్పు తీసుకుని కొన్నారు. అక్కకు అప్పుడు పన్నెండేళ్లు, నాకు తొమ్మిది. బస్సు మీద వేయడానికి భయపడి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట దారి పొడుగునా. తరవాత అక్క మహారాజా సంగీత కళాశాలలో చేరింది. 1919లో విజయరామ గజపతి పెట్టిన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు పాఠం చెప్పిన గదులు. నాన్న ఈ మూడు ముక్కలూ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. అక్క మాత్రం పొద్దున్నే లేచి సాధన చేసేది. సాయంత్రం వీధిలో పిల్లలు ఐదారుగురు చాప మీద కూర్చుని సరళీ స్వరాలు నేర్చుకునేవారు. రేడియోలో ఈమని శంకరశాస్త్రి గారి వీణో, చిట్టిబాబు గారి వీణో వస్తే ఇంట్లో గిన్నె చప్పుడు కూడా వినపడకూడదు.

పెళ్లయి పార్వతీపురం వెళ్లాక అక్క వీణను వెంట తీసుకెళ్లలేదు. అక్కడ ఉమ్మడి కుటుంబం, చోటు తక్కువ. పైగా అది లేకపోతే ఇల్లు బోసిపోతుందని అమ్మ బాధపడింది. పండగకు వచ్చినప్పుడల్లా అక్క గవిసెన విప్పేది, అమ్మ పక్కన కూర్చుని గొంతు కలిపేది.

2016లో అమ్మ పోయింది. అప్పటికి నాకు అప్పులున్నాయి. ఇల్లు అమ్మేయాలని నేనొక్కణ్నే నిర్ణయించుకుని, బేరం కూడా మాట్లాడేసి, పన్నెండో రోజు భోజనాలయ్యాక అక్కకు చెప్పాను. అక్క చాలాసేపు గోడకేసి చూస్తూ ఉండిపోయింది. చివరికి, ఇంటి సంగతి నీ ఇష్టం, వీణ తీసుకెళతాను అంది. నేను అన్న మాట ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆస్తి లెక్కలు తేలేదాకా ఈ ఇంట్లోంచి గరిటె కూడా కదలదు." ఆవిడ చేతిలోకి తీసుకున్న గవిసెన తాడును మెల్లగా కింద పెట్టింది. బావగారిని లేవమంది. వెళ్లిపోయారు.

లెక్కలు తేలడానికి నాలుగు నెలలు పట్టింది. అక్క వాటా డబ్బు బ్యాంకులో వేశాను. వీణను మాత్రం పంపలేదు. అడిగితే ఇద్దామనుకున్నాను. ఆవిడ అడగలేదు. 2021లో మేనకోడలి పెళ్లికి వెళ్లి, అక్షింతలు వేసి, పంక్తిలో కూర్చోకుండా తిరిగి వచ్చాను. మేనమామ అన్నం తినకుండా వెళ్లిపోవడమంటే ఏమిటో తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి దుప్పటి మీద పడుకోబెట్టిన వీణ పక్కనే కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. దీన్ని బాగుచేయించి, కొత్త గవిసెన తొడిగించి, పార్వతీపురంలో వాళ్ల గుమ్మంలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా వచ్చేయాలి. క్షమించమని అడిగే ధైర్యం లేదు. వీణ అడుగుతుందిలే అనుకున్నాను.

మొదట మా వీధి చివర వడ్రంగికి చూపించాను. మంచి పనివాడే, మా ఇంట్లో తలుపులన్నీ అతను చేసినవే. చీలికలో గట్టి జిగురు నింపి పైన రంగు వేస్తే తెలియదన్నాడు. ఊడిన మెట్లకు కూడా అదే జిగురు పెడతానన్నాడు. రెండు రోజుల్లో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. నేను ఒప్పుకునేవాణ్నే. మా అపార్టుమెంటులో వీణ పాఠాలు చెప్పే ఒక పెద్దావిడ మేడ మెట్ల దగ్గర ఎదురుపడి, విషయం విని, నన్ను అక్కడే నిలబెట్టేశారు.

"జిగురు పెడితే మెట్టు మళ్లీ కదలదండీ. కదలడానికే కదా దాన్ని మైనం మీద నిలబెట్టింది! శ్రుతి తప్పినప్పుడు మెట్టును జరిపి సరిచేసుకోవాలి. గొల్లపల్లి తీసుకెళ్లండి."

ఇంట్లో పాత వీణ ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలని నా కోరిక. మైనం దాని లోపం కాదు. నాలుగైదేళ్లకో, ఇంకా ముందో మైనం ఎండి పెళుసుబారుతుంది. అప్పుడు దాన్ని తీసి మళ్లీ మేళం కట్టించుకోవాలి, అంటే మెట్లను శ్రుతికి సరిచూసి కొత్త మైనంలో నిలబెట్టించుకోవాలి. అసలు మైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి కానీ, మెత్తబడి మెట్లు ఒరగడానికి అంత వేడి అక్కర్లేదు. శ్లాబు కింద అటక చాలు. ఎండలో మూసి ఉంచిన కారు చాలు.

అందుకే తెల్లవారకముందే బయలుదేరాను. వెనక సీటులో రెండు పరుపుల మధ్య వీణను పడుకోబెట్టి, ఊడిన మెట్లను లెక్కపెట్టి చిన్న స్టీలు డబ్బాలో వేసుకున్నాను. విజయనగరం దాటుతుంటే మా పాత వీధి మలుపు వచ్చింది. కారు ఆపలేదు.

గొల్లపల్లి బొబ్బిలి పక్కనే. ఊళ్లో ఏ పనిశాల చూసినా వాకిట్లో పనస దుంగలు, లోపల పొట్టు, గోడ వారగా సగం చెక్కిన వీణలు. బహుమతులుగా ఇచ్చే జానెడు, మూరెడు బొమ్మ వీణలే ఎక్కువ. వాయించే వీణలు మధ్యలో అక్కడక్కడా ఉన్నాయి. నేను వెళ్లిన ఇంటి పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. కొడుకు, మనవడు కూడా అదే పని. వీణను చూసి ధర సంగతీ ఎత్తలేదు, ఇలా ఎందుకయిందనీ అడగలేదు. కింద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని, చెవి ఆనించి, కుండను వేలి కణుపుతో చుట్టూ కొట్టుకుంటూ వచ్చారు. చీలిక దగ్గర మాత్రం చప్పుడు పొడిగా వచ్చింది.

"ఏకాండి వీణ బాబూ. కుండ, దండి అన్నీ ఒకటే దుంగ. అతుకులు లేవు కాబట్టి బతికింది. చీలింది పలక అంచు, కుండ కాదు. భయం లేదు."

నాకు కళ్లు చెమర్చాయి. ఆయన చూడనట్టు డబ్బా మూత తీసి, ఊడిన మెట్లు ఒక్కొక్కటీ వెలుగుకు ఎత్తి చూడడం మొదలుపెట్టారు. మెట్టు మీద తీగ ఒరిసి ఒరిసి సన్నని గాడి పడుతుంది. ఎక్కువగా వాయించిన మెట్టు మీద గాడి లోతుగా ఉంటుంది. వాటిని పేర్చి, వీణ మీద నిలిచినవాటితో కలిపి వరసగా చూసి ఆయన చెప్పిన మాటలు నేను జన్మలో మరచిపోను.

"ఒకటోది, నాలుగోది, ఐదోది, ఎనిమిదోది, పదకొండోది సమానంగా అరిగాయి. మాయామాళవగౌళ, తొలి పాఠాల రాగం. ఈ వీణ మీద పిల్లలకు పాఠం చెప్పారు. కానీ చూడండి, ఆరోది వీటికన్నా ఎక్కువ అరిగింది. ప్రతిమధ్యమం, కల్యాణి రాగంలో వచ్చే స్వరం. ఈవిడకు కల్యాణి అంటే ఇష్టమా?"

ఆవిడ అని నేను చెప్పలేదు. కుండ అంచున కుడి ముంజేయి ఆనే చోట గాజుల గీతలు చూసి ఆయనే గ్రహించారు. కల్యాణి మా అమ్మకు ఇష్టం. సాయంత్రం దీపం పెట్టాక అక్క వాయించేది అదే. ఎనిమిదేళ్లుగా నేను అటక మీద దాచిపెట్టింది కొయ్యముక్క అయితే బాగుండేదని అప్పుడనిపించింది. అందులో మా ఇంటి సాయంకాలాలన్నీ ఉన్నాయి. వాటిని ముక్కూమొహం తెలియని మనిషి చదివి నాకు చెప్పాడు.

పని నాలుగు వారాలు పట్టింది. నేను ప్రతి శనివారం వెళ్లేవాణ్ని. వెళ్లాల్సిన అవసరం లేదు, ఫోను చేస్తే చెప్పేవారు. కానీ డబ్బిచ్చి చేయించాను అన్నట్టు ఉండకూడదనిపించింది. మొదటి శనివారం మైనం తీసే పని నాకే ఇచ్చారు. సన్నని వెదురు చెక్కతో, దండికి గీత పడకుండా పెచ్చులు పెచ్చులుగా లేపాలి. తీసిన మైనాన్ని పారేయరు. కరిగించి, నలుసులు పోయేలా వడకట్టి, కొత్త తేనెమైనం, గుగ్గిలం, దీపపు మసి కలిపి మళ్లీ వాడతారు. గుగ్గిలం ఎక్కువైతే పెళుసు, తక్కువైతే వేసవిలో జారుతుంది. ఎంత వేయాలో ఆయన కొలిచి వేయలేదు, చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూసుకున్నారు.

చీలికకు జిగురు ఒక్కటే సరిపోదు. మనవడు ఆ సందులోని మట్టిని కుంచెతో దులిపి, పాత పనస చెక్క నుంచి అగ్గిపుల్ల కన్నా పలచని పేడు చెక్కి, బంక రాసి అందులో దిగగొట్టాడు. ఆ తరవాత కుండ చుట్టూ తాడు కట్టి, తాడుకూ కుండకూ మధ్య చిన్న చిన్న చీలలు దోపి, ఒక్కోటీ కొంచెం కొంచెం కొడుతూ బిగించాడు. కొత్త చెక్క ఎందుకు వద్దంటే, అది ఇంకా ఎండుతూ కుంచించుకుపోతుంది, పాత చెక్కతో కలవదు. నీడలో మూడు రోజులు అలాగే కట్టి ఉంచారు. సొరబుర్ర మారుద్దామన్నాడు కొడుకు. పెద్దాయన వద్దన్నారు. లోపల గుడ్డ పీలిక అతికించి, చిల్లు పూడ్చి, పైన రంగు సరిపెట్టారు.

లక్క పాలిష్ దగ్గర మాత్రం నాకూ ఆయనకూ మాట తేడా వచ్చింది. మొత్తం కొత్తదానిలా మెరవాలని నేను పట్టుబట్టాను. కుండ అంచున గాజుల గీతలు, చెయ్యి ఆని రంగు పోయిన చోటు కూడా కప్పేయమన్నాను. నిజం చెప్పాలంటే, నేను చేసిన పాడుతో పాటు పాతదంతా కనపడకుండా పోవాలని నా ఆరాటం. ఆయన తలుపు దగ్గర వెలుగులోకి వీణను జరిపి, ఆ అరిగిన చోట తన ముంజేతిని ఆనించి చూపించారు.

"ఇది పాడైంది కాదు, వాడింది. మీరు పాడుచేసింది బాగుచేస్తాను. ఆవిడ వాడుకున్నది నేను చెరపను."

నేను మరి మాట్లాడలేదు. అక్కడ తడిగుడ్డతో తుడిచి వదిలేశారు.

మూడో శనివారం ఆయన నా చేతిలో ఒక చిన్న కాగితపు మడత పెట్టారు. వీణ మీదే నిలిచి ఉన్న నాలుగో మెట్టును లేపినప్పుడు, దాని ఒక చివర కింద మైనంలో కూరుకుపోయి దొరికిందట. నాలుగు మడతలు పెట్టిన పాత బస్సు టికెట్టు ముక్క. అక్షరాలు పోయాయి, అంచున గులాబీ రంగు మిగిలింది.

"ఇది పనివాడు పెట్టింది కాదు, వాయించేవారు పెట్టుకున్నది. ఎందుకు పెట్టారో తెలియకుండా మేళం కడితే, వారికి కావలసినట్టు ఉండదు. శ్రుతి ఎంతలో పెట్టుకునేవారో కూడా కావాలి. అడిగి చెప్పండి."

"మీకు తోచినట్టు కట్టేయండి గురువుగారూ" అన్నాను.

"కడతాను. ఏ వీణకైనా కడతాను. కానీ ఇది ఒకరి చేతికి అలవాటుపడిన వీణ. ఫోను ఉందిగా, అడగడానికేముంది?"

అడగడానికి ఏముందో ఆయనకు నేను చెప్పలేకపోయాను. బయటికి వచ్చి పనస దుంగ మీద కూర్చున్నాను. నేను వేసుకున్న పథకంలో అక్కతో మాట్లాడడం లేదు. అంతా పూర్తి చేసి గుమ్మంలో పెట్టి వచ్చేయడమే ఉంది. ఇప్పుడు ఆవిడను అడగనిదే పని పూర్తికాదు. అరగంట పైన గడిచింది. ఆ కాగితపు ముక్క చెమటకు అరచేతికి అంటుకుంది. చివరికి చేశాను. నంబరు నా దగ్గర ఎప్పుడూ ఉంది.

"ఎవరండీ?" అంది. నా నంబరు ఆవిడ దగ్గర లేదు.

పేరు చెప్పాను. అటునుంచి మాట లేదు. ఆ నిశ్శబ్దం పెరిగితే పెట్టేస్తానని భయమేసి, అనుకున్న మాటలన్నీ వదిలేసి ఒక్కసారిగా అడిగేశాను.

"గొల్లపల్లిలో ఉన్నాను. వీణ బాగుచేయిస్తున్నాను. నాలుగో మెట్టు కింద కాగితం ఉంది. దాన్ని ఉంచమనాలా, తీసేయమనాలా?"

చాలాసేపటికి, గొంతు సవరించుకుని, అక్క జవాబు చెప్పింది.

"ఆ మెట్టు పోతలోనే ఒక పక్క తక్కువ వచ్చింది. అంతరగాంధారం నొక్కితే తీగ వెళ్లి ఐదో మెట్టుకు తగిలి గరగరమనేది. నాన్న వెనక్కి తీసుకెళ్లి మార్పిస్తానన్నారు, నేను పంపలేదు. టికెట్టు పెట్టుకున్నాను. కాగితం తీసేసి, ఆ పక్క మైనం ఎత్తు చేయమను."

"శ్రుతి?"

"మూడు ఉండేది. అమ్మ గొంతు తగ్గాక రెండున్నరకు దించాను." ఆగింది. "ఇప్పుడు ఎంతయినా ఒకటే."

నేను ఏమనాలో తోచక ఫోను పట్టుకుని అలాగే ఉన్నాను. పెట్టేస్తుందనుకుంటుండగా మళ్లీ అంది: "మేళం ఎప్పుడు కడతారు? నేను లేకుండా కట్టొద్దను."

పార్వతీపురం నుంచి బొబ్బిలికి రైలులో అరగంట పైచిలుకు దారి. ఎనిమిదేళ్లలో నేను ఆ స్టేషన్ల మీదుగా రాయపూర్ వైపు మూడుసార్లు ప్రయాణం చేశాను.

మరుసటి శనివారం అక్క, బావగారు వచ్చారు. అక్క జుట్టు దాదాపు నెరిసిపోయింది. నాకేసి తల ఊపి, నేరుగా వీణ దగ్గరికి వెళ్లింది. గదిలో చాప మీద పడుకోబెట్టి ఉంది, మెట్లు లేకుండా, దండి పొడుగునా రెండు వైపులా కొత్త మైనం గట్లతో. అక్క వంగి, చీలిక అతికిన చోట వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమింది. కుడి చేయి ఆనే చోటు చూసింది. అక్కడ పాలిష్ లేదని గమనించింది. అప్పుడు నాకేసి చూసింది.

మేళం కట్టడం నేను మొదటిసారి చూశాను. ఆయన ముందు తీగలు బిగించి శ్రుతి చేశారు. అక్క చెప్పినట్టే, రెండున్నర. తీగ మొదలయ్యే మేరువు నుంచి కుండ మీది గుర్రం దాకా ఉన్న తీగ పొడవులో సగం దగ్గర పన్నెండో మెట్టు, అది పై షడ్జం. మూడో వంతు దగ్గర ఏడోది, పంచమం. నాలుగో వంతు దగ్గర ఐదోది, శుద్ధమధ్యమం. కొలత చెప్పేది అంతవరకే. వేలితో నొక్కినప్పుడు తీగ బిగుసుకుని స్వరం రవ్వంత పెరుగుతుంది కాబట్టి, మెట్టును వెంట్రుకవాసి మేరువు వైపుకు జరపాలి. ఎంత జరపాలనేది తీగ మందం మీద, మెట్టు ఎత్తు మీద, నొక్కే చేతి బరువు మీద ఉంటుంది. ఆ చేతి బరువు కోసమే అక్క అక్కడ ఉండాలి. ఆయన మెట్టు పెట్టేవారు, అక్క నొక్కి మీటేది, ఇద్దరూ తల ఒక పక్కకు వంచి వినేవారు. "కొంచెం లోపలికి" అనేది అక్క. గోరు వెడల్పులో పదో వంతు జరిగేది.

గాలికి మైనం గట్టిపడుతుందని ఫ్యాను ఆపేశారు. మే నెల ఉక్క. నన్ను అవతల వైపు కూర్చోబెట్టి, పక్కనున్న మూడు తాళపు తీగలూ ఆగకుండా మీటుతూ ఉండమన్నారు. ఆధార షడ్జం చెవిలో ఉండాలి కదా. నాకు సంగీతం రాదు. ఇరవై నాలుగు మెట్లు నిలబడేదాకా, భోజనం వేళ దాటిపోయేదాకా, నేను ఆ మూడు తీగలూ మీటుతూ కూర్చున్నాను. వేలి చివర ఎర్రబడింది. మధ్యలో ఒకసారి మీటు నెమ్మదించింది. అక్క వీణ మీంచి కళ్లు ఎత్తకుండానే "ఆపకు" అంది.

నాలుగో మెట్టు దగ్గర ఎక్కువసేపు పట్టింది. తక్కువ ఉన్న పక్క మైనాన్ని ఎత్తు చేసి, కాల్చిన ఇనుప కడ్డీతో అంచులు అదిమారు. అక్క నొక్కింది. గరగర లేదు. ఇంకోసారి నొక్కి, తీగను పక్కకు లాగి గమకం పట్టింది. ఆ ధ్వని వినగానే బావగారు లేచి బయటికి వెళ్లిపోయారు. అమ్మ పోయాక అక్క వేరే ఏ వీణా ముట్టుకోలేదని ఆ తరవాత ఆయనే నాకు చెప్పారు.

కొత్త మైనం కుదురుకోవడానికి నెల పడుతుంది, మెట్లు ఒకటి రెండు కొద్దిగా కుంగవచ్చు, అప్పుడు తీసుకురండి అన్నారు పెద్దాయన. తీగలతో కలిపి 14,000 రూపాయలు అయింది. అక్క సంచిలోంచి డబ్బు తీయబోయింది. నేను వద్దన్నాను. ఆవిడ బలవంతపెట్టలేదు.

వీణను నా కారులోనే పార్వతీపురం చేర్చాం. బావగారు ముందు సీటులో, అక్క వెనక వీణ పక్కన. సీతానగరం దగ్గర టీ తాగడానికి ఆగాం. బావగారు కావాలనే అనుకుంటాను, దుకాణం లోపలికి వెళ్లారు. కారు తలుపు పట్టుకుని నిలబడి చెప్పాను.

"అక్కా, ఆ రోజు నేను అన్న మాట తప్పు. ఆ తరవాత పంపకపోవడం అంతకన్నా తప్పు. దాన్ని పాడుచేశాను."

అక్క వీణ మీద చెయ్యి తీయలేదు.

"వీణ సంగతి అయిపోయింది" అంది. "ఇల్లు సంగతి కాలేదు. అమ్మ గది చివరిసారి చూసుకోనివ్వలేదు నువ్వు. ఆ కోపం నాకు ఉంది. ఉంటుంది. లేదని చెప్పలేను."

"ఉండనీ" అన్నాను. వేరే ఏమీ అనడానికి లేదు. ఆ ఇల్లు కొన్నవాళ్లు పడగొట్టి కట్టుకున్నారు. పనస చెక్క పేడు పెట్టి అతకగలిగినది కాదది. నేను సర్దిచెప్పబోలేదు, అప్పుల సంగతి మళ్లీ ఎత్తలేదు. టీ గ్లాసులు వచ్చాయి. ఆవిడది నేను అందించాను.

ఇంటికి చేరేసరికి మూడున్నర. కాళ్లు కడుక్కుని వెళ్లిపోదామని లేచాను. వంటింట్లోంచి "కంచం పెట్టేశాను, ఎక్కడికిరా?" అని వినిపించింది. ఆ 'రా' వినబడి ఎనిమిదేళ్లయింది. వంకాయ కూర, ముద్దపప్పు, నిన్నటి పులుసు. మూడుసార్లు వడ్డించుకున్నాను. అక్క ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని, మా పిల్లల చదువుల గురించి ఒక్కొక్కటీ అడిగింది.

ఇది జరిగిన పన్నెండు రోజులకు రాత్రి తొమ్మిదింటికి నా ఫోనుకు అక్క ఒక రికార్డింగు పంపింది. మొదట కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో పిల్లవాడు దగ్గిన చప్పుడు, ఆ తరవాత వీణ. కల్యాణి. అయిదు నిమిషాలు కూడా లేదు. చివర్లో ఆగి, ఒకే స్వరాన్ని రెండు మూడుసార్లు మీటింది. ఆ పైన అక్క గొంతు:

"విన్నావా? నాలుగోది మళ్లీ గరగరమంటోంది. ఆయన చెప్పినట్టే కుంగింది. వచ్చే శనివారం గొల్లపల్లి వెళ్లాలి. ఎండ ఎక్కకముందే కారు తీసుకురా. ఆ రెండు పరుపులూ మరచిపోకు."